తుపాను హెచ్చరిక వచ్చాక ఎక్కడ ఉండాలి: సొంతిల్లా, చుట్టాలిల్లా, తుపాను షెల్టరా?

అక్టోబరు, నవంబరు వచ్చాయంటే తీరంలో చాలా ఇళ్లలో జరిగే చర్చే ఇది. టీవీలో వాయుగుండం బొమ్మ తిరుగుతూ ఉంటుంది. మైకు ఆటో వీధి వీధీ తిరిగి, లోతట్టులో ఉన్నవాళ్లంతా పునరావాస కేంద్రానికి రావాలని చెప్పి పోతుంది. ఇంట్లో ఒకరు కదులుదామంటారు. ఇంకొకరు "ఎన్ని తుపాన్లు చూశాం, ఈ ఇంటికి ఏమైంది?" అంటారు. గుంటూరు నుంచి అన్నయ్య ఫోన్ చేసి అందరూ మా ఇంటికి వచ్చేయండంటాడు. మరి గేదెల సంగతేంటని నాన్న అడుగుతారు. ఈ వాదనలోనే సాయంత్రమవుతుంది, గాలి మొదలవుతుంది. ఏమీ తేల్చుకోకుండానే ఇంట్లో ఉండిపోతారు.

ఆ చర్చ తొందరగా తేలాలన్నదే నా తాపత్రయం. మీ ముందున్న దారులు నాలుగు: సొంతింట్లో ఉండడం, తీరానికి దూరంగా ఉన్న బంధువుల ఇంటికి వెళ్లడం, ఊళ్లోని తుపాను షెల్టర్‌కో పునరావాస కేంద్రానికో చేరడం, టౌన్లో లాడ్జి గది తీసుకోవడం. వీటిలో ఏది మేలో తుపాను పేరును బట్టి తేలదు. మీ ఇంటికి నీళ్లు వస్తాయా, రావా? ముందు అది తేలాలి. నీళ్లొచ్చే చోట ఉన్నవాళ్లు ఒంటి అంతస్తు ఇంట్లో ఉండిపోవడం అనే దారిని పక్కన పెట్టేయాలి, అది ఎంత గట్టి డాబా అయినా సరే. నీళ్లు రాని చోట ఉన్నవాళ్లకే మిగతా లెక్కలన్నీ.

## ముందుగా చూసుకోవాల్సినవి

నీళ్లు. 1977 నవంబరు 19న దివిసీమలో దాదాపు పదివేల మందిని పొట్టన పెట్టుకున్నది ఉప్పెన. సముద్రం ఐదు మీటర్ల దాకా లేచి ఊళ్ల మీద పడింది. ఒంటి అంతస్తు డాబా మీదకెక్కి నిలబడినా ఆ నీళ్లు మనిషిని అందుకుంటాయి. తీరం నుంచి పది కిలోమీటర్లు దాటి లోపలికి వచ్చాయి. మన తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ, కృష్ణా గోదావరి డెల్టాల్లో నేల చదును. గాలి తోసుకొచ్చిన నీళ్లకు వెనక్కి పోయే దారి లేక ఊళ్లోకే వస్తాయి. నదీముఖాలు, పాయలు, డ్రెయిన్లు వాటిని ఇంకా లోపలికి మోసుకెళ్తాయి. అందుకే సముద్రం ఎన్ని కిలోమీటర్ల దూరమన్న ఒక్క లెక్క సరిపోదు. మీ ఊరి పక్క డ్రెయిన్ సముద్రంలో ఎక్కడ కలుస్తుంది, పోటు సమయంలో ఉప్పునీళ్లు దాన్లో ఎంతవరకు ఎదురెక్కుతాయి అన్నది తెలుసుకోవాలి. రొయ్యల చెరువుల వాళ్లను అడగండి, వాళ్లు వేలు పెట్టి చూపిస్తారు.

తీరం దాటే చోటుకు మీరు ఏ పక్కన ఉన్నారన్నది కూడా ముఖ్యమే. బంగాళాఖాతంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. సముద్రం నుంచి మన మీదకు వస్తున్న తుపానుకు కుడి పక్కన, అంటే ఇంచుమించు ఉత్తరం వైపున, గాలి సముద్రాన్ని ఒడ్డుకు తోస్తుంది. ఎడమ పక్కన నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. తుపాను తూర్పు నుంచి వచ్చి బాపట్ల దగ్గర దాటితే ఉప్పెన భయం ఎక్కువగా నిజాంపట్నం, దివిసీమ వైపు ఉంటుంది, చీరాల వైపు తక్కువ. అయితే ఒక రోజు ముందు చెప్పిన చోటు కూడా పదుల కిలోమీటర్లు అటూ ఇటూ జరగొచ్చు. "కాకినాడ దగ్గర దాటుతుందట, మనకేం కాదు" అని నరసాపురంలో కూర్చోకూడదు.

ఇక నీళ్లంటే సముద్రం ఒక్కటే కాదు. 2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది బుడమేరు. అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చింది. అప్పుడు బంగాళాఖాతంలో ఉన్నది వాయుగుండం, పేరు పెట్టేంత తుపాను కూడా కాదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తీరం దాటింది, మర్నాడు దాని వానకు సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి. తీరంలో లేము కదా అని ఈ చర్చ మనకు అక్కర్లేదనుకోవద్దు.

ఇల్లు. నీళ్ల భయం లేదని తేలాకే దీని సంగతి. బులెటిన్లో వాడే మాటకూ మీ ఇంటి కప్పుకూ ఉన్న సంబంధం ఇంచుమించు ఇలా ఉంటుంది:

| బులెటిన్లో చెప్పేది | గాలి వేగం (గంటకు కి.మీ.) | ఇళ్ల సంగతి |
|---|---|---|
| తుపాను | 62–88 | తాటాకు, గడ్డి కప్పులు లేచిపోతాయి, కొమ్మలు విరుగుతాయి |
| తీవ్ర తుపాను | 89–117 | పూరిళ్లు బాగా దెబ్బతింటాయి, రేకులు ఎగురుతాయి, చెట్లు కూలతాయి |
| అతి తీవ్ర తుపాను | 118–166 | పూరిళ్లు నిలవవు, రేకుల ఇళ్లు, పాత పెంకుటిళ్లు నమ్మడానికి లేదు, కరెంటు స్తంభాలు వంగిపోతాయి |
| అంతకు మించి | 167 పైన | డాబా నిలిచినా తలుపులు, కిటికీలు, వాటర్ ట్యాంకులు పోతాయి |

ఈ పట్టికలో కనిపించని ప్రమాదం ఒకటుంది. మీది డాబానే కావచ్చు, పక్కింటిది రేకుల షెడ్డు కావచ్చు. గాలికి లేచిన రేకు కత్తిలా వస్తుంది. కాబట్టి మీ గోడలతో పాటు చుట్టూ ఏముందో కూడా చూడండి: ముసలి కొబ్బరిచెట్లు, హోర్డింగు, సగం కట్టి వదిలేసిన గోడ.

మనుషులు, పశువులు. నడవలేని పెద్దవాళ్లు, నెలలు నిండిన ఆడపిల్ల, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, ఆక్సిజన్ మిషను మీద ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది. వాళ్లకు తుపాను రాత్రి కన్నా ఆ తర్వాత కరెంటు, రోడ్డు లేని రోజులు కష్టం.

సమయం. దీన్నే అందరూ మర్చిపోతారు. నాలుగు దారులూ ఎల్లప్పుడూ తెరిచి ఉండవు. ముందు రైళ్లు రద్దవుతాయి, తర్వాత ఆర్టీసీ బస్సులు ఆగుతాయి, తర్వాత చెట్లు రోడ్డు మీద పడతాయి. చివరికి మిగిలేది నడిచి వెళ్లగల షెల్టర్ ఒక్కటే, అదీ గాలి మనిషిని నిలబడనిచ్చేంత వరకే.

## ఏ హెచ్చరికను పట్టుకోవాలి

ఒకే తుపానుకు టీవీలో రంగు చెబుతారు, పేపర్లో నంబరు వేస్తారు, ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, వాట్సాప్‌లో ఎవరో గుండ్రంగా తిరిగే వీడియో పంపుతారు. అన్నీ కలిపి చూస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఒక్కొక్కటి ఎవరి కోసం పుట్టిందో తెలిస్తే దేన్ని చూడాలో తెలుస్తుంది.

| హెచ్చరిక | ఎవరి కోసం | మీ నిర్ణయానికి ఎంత పనికొస్తుంది |
|---|---|---|
| జిల్లా రంగు (పసుపు, ఆరెంజ్, ఎరుపు) | సామాన్య జనం, అధికారులు | ఎప్పుడు కదలాలో చెబుతుంది. ఊరిని బట్టి చెప్పదు |
| ఓడరేవు నంబరు (1–11) | ఓడలు, పడవలు | వేటకు వెళ్లేవాళ్లకు చాలా. ఇంట్లో ఉన్నవాళ్లకు తక్కువ |
| తుపాను స్థాయి, గాలి వేగం | అందరికీ | ఇంటి కప్పు నిలుస్తుందో లేదో అంచనాకు |
| ఉప్పెన ఎత్తు, జిల్లాల పేర్లు | తీరం వాళ్లు | అన్నిటికన్నా ఎక్కువ |
| వాన సెంటీమీటర్లు | అందరికీ | వాగులు, కాలనీల పక్కన ఉన్నవాళ్లకు |
| నది మట్టం, క్యూసెక్కులు | నదీతీరం, లంకలు | లంక గ్రామాలకు ఇదే అసలు హెచ్చరిక |

రంగుల్లో ఆకుపచ్చ అంటే హెచ్చరిక ఏమీ లేదని. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధం కమ్మని, ఎరుపు అంటే చర్య తీసుకొమ్మని. చాలామంది ఎరుపు పడ్డాక సామాను సర్దడం మొదలుపెడతారు. ఎరుపు నాటికి మీరు చేరాల్సిన చోట చేరి ఉండాలి. సర్దుకునే రంగు ఆరెంజ్.

ఓడరేవు నంబర్ల దగ్గర జనం ఎక్కువగా తికమకపడతారు. ఐదు కన్నా ఏడు పెద్ద ప్రమాదమని అనుకుంటారు. నిజానికి 5, 6, 7 మధ్య తేడా తీవ్రతలో లేదు. తుపాను ఆ రేవుకు ఒక పక్కన దాటుతుందా, రెండో పక్కనా, సరిగ్గా దాని మీదుగానా అన్నది చెప్పే నంబర్లవి. తీవ్రమైన తుపానైతే ఇదే వరుస 8, 9, 10గా వేస్తారు. పదకొండు ఎగరేశారంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. "ఇంకా మూడో నంబరే కదా" అని ఇంట్లో ధైర్యంగా కూర్చోవడానికి ఆ నంబరు ఆధారం కాదు.

గోదావరి దగ్గర మాత్రం నంబర్లు నిజంగానే తీవ్రతను చెబుతాయి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటిది, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. కోనసీమ లంకల్లో ఉండేవాళ్లు ఆకాశం కన్నా ఈ అంకెలను చూసుకోవడమే మంచిది. మీ ఊళ్లో చినుకు లేకపోయినా పైన ఎక్కడో కురిసిన వాన మీ గడప దగ్గరికి వస్తుంది.

వాన విషయానికొస్తే, 24 గంటల్లో 7 నుంచి 11 సెంటీమీటర్లయితే భారీ, 12 నుంచి 20 అయితే అతి భారీ, అంతకు మించితే అత్యంత భారీ వర్షం. వంద చదరపు మీటర్ల డాబా మీద 20 సెంటీమీటర్లు కురిస్తే ఒక్క కప్పు మీంచే 20 వేల లీటర్ల నీళ్లు దిగుతాయి. అలాంటి కప్పులు వేలకు వేలున్న కాలనీ పక్కన నాలా ఇరుకైపోతే ఏమవుతుందో ఊహించుకోండి.

నా సలహా అడిగితే, తీరంలో ఉన్నవాళ్లు వాతావరణ శాఖ బులెటిన్లో ఒక్క వాక్యం కోసం వెతకాలి. మామూలు పోటు కన్నా ఇన్ని మీటర్లు ఎక్కువగా ఉప్పెన వచ్చి ఫలానా జిల్లాల లోతట్టు ప్రాంతాలు మునగవచ్చు అని అందులో రాస్తారు. ఉప్పెన లెక్కలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి వస్తాయి. మీ జిల్లా పేరు ఆ వాక్యంలో ఉండి, మీ ఊరు లోతట్టులో ఉంటే, ఇంక ఇంట్లో ఉండడం గురించి మాట్లాడుకోనక్కర్లేదు. ఆ రోజు అమావాస్యో పౌర్ణమో అయితే మామూలు పోటే ఎత్తుగా ఉంటుందని గుర్తుంచుకోండి. ఫోన్‌లో మౌసమ్, సచేత్ యాప్‌లు పెట్టుకుంటే ఈ సమాచారం నేరుగా వస్తుంది. మైకు ఆటోలో చెప్పేది కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ఊళ్లో ఏ వీధి మునుగుతుందో తెలిసినవాళ్లు చెప్పే మాట అది.

## సొంతింట్లోనే ఉండడం

మూడు షరతులు నిండితే ఇదే అన్నిటికన్నా మంచి దారి. ఉప్పెన, వాగు, నాలా నీళ్లు రాని మెరకలో ఉండాలి. శ్లాబు ఇల్లు అయ్యుండాలి. కొన్ని రోజులు కరెంటు, నీళ్లు లేకపోయినా గడవగలగాలి. మూడూ ఉన్నవాళ్లు అనవసరంగా రోడ్డెక్కి ఆ గాలిలో ప్రయాణం చేయడం, నిజంగా అవసరమైనవాళ్ల చోటు షెల్టర్‌లో ఆక్రమించడం రెండూ తప్పే.

మూడో షరతును జనం తక్కువ అంచనా వేస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదుగా గంటకు 180 కిలోమీటర్ల గాలులతో దాటింది. నగరంలో లక్షల ఇళ్లు నిలిచే ఉన్నాయి. కానీ కరెంటు లేదు, కరెంటు లేక మోటారు లేదు, మోటారు లేక పై ట్యాంకులో నీళ్లు లేవు. ఏటీఎంలు పనిచేయలేదు, పెట్రోలు బంకుల దగ్గర బారులు, పాల ప్యాకెట్ల కోసం తిరుగుళ్లు. అందుకే ఇంట్లో ఉండాలనుకునేవాళ్లు ముందురోజే ట్యాంకు నింపి, బిందెలు, బకెట్లు, కూలర్ తొట్టి దాకా నీళ్లు పట్టుకోవాలి. కాస్త నగదు దగ్గర పెట్టుకోవాలి. పవర్ బ్యాంకు చార్జి చేసుకోవాలి. మందులు వారానికి సరిపడా ఉండాలి.

అపార్ట్‌మెంటు వాళ్లు ఒకటి గమనించాలి. పై అంతస్తులకు నీళ్ల భయం లేదు కానీ గాలి పోటు ఎక్కువ. పెద్ద అద్దాల కిటికీలు ఉన్న హాలు ఆ రాత్రి పడుకునే చోటు కాదు. కిటికీ లేని లోపలి గదో, గోడలు దగ్గర దగ్గరగా ఉన్న నడవానో చూసుకోండి. బాల్కనీలో పూలకుండీలు, ఉతికిన బట్టల స్టాండు, డిష్ గొడుగు ముందే లోపల పెట్టేయండి.

ఇంట్లో ఉన్నవాళ్లకు పెద్ద ప్రాణాపాయం తుపాను కన్ను, అంటే గాలి లేని దాని నడిమి భాగం, మీదుగా దాటేటప్పుడు. గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది, కొన్నిసార్లు ఆకాశం తేటపడుతుంది. అయిపోయిందనుకుని మగవాళ్లు రోడ్డు మీదికొస్తారు, పడిన చెట్టు తీయడానికి కత్తి పట్టుకుంటారు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా కొడుతుంది. అప్పటిదాకా ఒక పక్కకు ఒరిగి ఉన్న చెట్లు రెండో పక్కకు కూలతాయి. తుపాను పూర్తిగా దాటిందని అధికారికంగా చెప్పేదాకా గడప దాటొద్దు.

## చుట్టాలింటికి

తీరం నుంచి లోపలికి, వాగులకు దూరంగా బంధువులుంటే, నీళ్ల భయం ఉన్న కుటుంబాలకు నా మొదటి ఓటు దీనికే. పెద్దవాళ్లకు మంచం దొరుకుతుంది, పిల్లలకు వేళకు తిండి దొరుకుతుంది, ఆసుపత్రి దగ్గర్లో ఉంటుంది. షెల్టర్‌లో ఇవేవీ హామీగా చెప్పలేం.

కానీ ఇది ముందే కదిలేవాళ్లకు మాత్రమే పనికొచ్చే దారి. తీరంలో గాలీ వానా మొదలవడానికి 48 గంటల ముందు తుపాను అలర్ట్, 24 గంటల ముందు తుపాను వార్నింగ్ ఇవ్వడం వాతావరణ శాఖ పద్ధతి. ఈ రెంటి మధ్యలో బయల్దేరినవాళ్లు హాయిగా చేరతారు. ఆ తర్వాత బయల్దేరితే తుపానుకు మీరు రోడ్డు మీద దొరుకుతారు. తీరం వెంబడి ఉన్న ఊరికి కాకుండా తీరానికి దూరంగా వెళ్లండి. ఒక తీరపు ఊరి నుంచి ఇంకో తీరపు ఊరికి మారితే, తుపాను కాస్త పక్కకు జరిగినప్పుడు మళ్లీ దాని దారిలోకే వెళ్లినట్టు.

మొహమాటం గురించి కూడా మాట్లాడాలి. ఎంతోమంది పెద్దవాళ్లు ఆగిపోయేది దీనివల్లే. "కూతురి అత్తగారింట్లో ఎలా ఉంటాం", "ఇంతమందిమి వాళ్ల మీద పడితే ఏమనుకుంటారు" అంటారు. కాబట్టి పిలిచేవాళ్లు మామూలుగా పిలిస్తే చాలదు. "అత్తయ్యా, రేపు పొద్దున ఎనిమిదింటికి కారు పంపిస్తున్నా, మామయ్య మందుల సంచి తెచ్చుకోండి" అని గంట చెప్పి పిలవాలి. అలా పిలిస్తే కదులుతారు.

## తుపాను షెల్టర్, పునరావాస కేంద్రం

ఈ రెంటినీ జనం ఒకటే అనుకుంటారు. తుపాను షెల్టర్ అంటే ఈ పని కోసమే కట్టిన భవనం: ఎత్తైన స్తంభాల మీద గది, కింద నీళ్లు పారడానికి ఖాళీ, పైకి వెడల్పాటి మెట్లు, చాలాచోట్ల ర్యాంపు. పునరావాస కేంద్రం ఊళ్లో హైస్కూలు కావచ్చు, కల్యాణ మండపం కావచ్చు. గాలికి రెండూ కాపాడతాయి. ఉప్పెన వచ్చే ఊళ్లో మాత్రం నేల మీదున్న స్కూలు గది సరిపోదు. మిమ్మల్ని పంపుతున్నది ఏ భవనానికో, దానికి మేడ ఉందో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే మండలంలో ఇంకో చోటుకు పంపమని గట్టిగా అడగండి. అడిగే హక్కు మీకుంది.

నీళ్లొచ్చే చోట, బంధువులు దూరంగా ఉన్నవాళ్లకు, సమయం మించిపోయినవాళ్లకు, పూరింట్లో ఉన్నవాళ్లకు షెల్టరే దారి. 1977 తర్వాత మన తీరంలో వీటిని కట్టుకుంటూ వచ్చింది ఇందుకే. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్‌లో వేల ప్రాణాలు పోయాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ అదే తీరంలో గోపాల్‌పూర్ దగ్గర దాటినప్పుడు పది లక్షల మందికి పైగా ముందే తరలారు, మరణాలు పదుల్లో ఆగాయి. మనుషులు సమయానికి కదలడం వల్ల మిగిలిన ప్రాణాలవి.

ఇబ్బందులు దాచను. ఒక హాల్లో వందల మంది. పిల్లల ఏడుపు, తడి చాపలు, జనరేటర్ మోత. ముఖ్యంగా ఆడవాళ్ల కష్టం. బాత్రూముకు ఆ చీకట్లో, ఆ జనంలో వెళ్లాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. గ్లాసు చేతికిచ్చినా రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేస్తారు. గర్భిణులకు, షుగరు ఉన్న పెద్దవాళ్లకు ఇది ప్రమాదం. ఈ భయంతోనే కొందరు అసలు షెల్టర్‌కే రారు. దీనికి పరిష్కారం తుపాను రాత్రి దొరకదు, సెప్టెంబరులోనే వెతకాలి. షెల్టర్ తాళం ఎవరి దగ్గరుంది, మరుగుదొడ్డికి నీళ్లొస్తున్నాయా, తలుపు గడియ పడుతుందా, లైటు వెలుగుతుందా అని నలుగురు ఆడవాళ్లు కలిసి వెళ్లి చూసి, లేనివి ఊరి సచివాలయంలో రాసిచ్చి రావాలి. ఊళ్లో స్వయం సహాయక సంఘాలున్నచోట ఇది ఒక్క పూట పని.

వెళ్లేటప్పుడు ఒక్కో మనిషికి ఒక దుప్పటి, ఒక జత బట్టలు, మందులు, టార్చిలైటు, అటుకులో బిస్కట్లో, నీళ్ల సీసా. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం పాలిథిన్ కవర్లో చుట్టి మూతి కట్టి నడుముకో మెడకో తగిలించుకోండి. వేరే సంచిలో పెడితే ఎక్కడో జారిపోతుంది.

## లాడ్జి

స్థోమత ఉండి, బంధువులు లేనివాళ్లకు. గాలికి తట్టుకునే భవనం కావాలి, జనరేటర్ ఉండాలి, రెండో మూడో అంతస్తు గది కావాలి. ఊరు తీరంలోనిది కాకూడదు. ముందే ఫోన్ చేసి గది పెట్టించుకోవాలి, తుపాను ముందు గదులు అయిపోతాయి. ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

## ఎవరికి ఏది

| మీ పరిస్థితి | మొదటి దారి | అది కుదరకపోతే |
|---|---|---|
| లోతట్టు తీరం, ఏ ఇల్లయినా | దూరపు బంధువులు | ఎత్తైన తుపాను షెల్టర్ |
| మెరక, శ్లాబు ఇల్లు, అందరూ ఆరోగ్యం | సొంతిల్లు | అవసరం లేదు |
| మెరక, రేకులు లేదా తాటాకు | ఊళ్లోనే గట్టి డాబా ఉన్నవాళ్లిల్లు | పునరావాస కేంద్రం |
| లంక గ్రామం | రెండో హెచ్చరికకు ముందే ఒడ్డుకు | పడవ తిరిగేలోపు శిబిరం |
| నాలా పక్క కాలనీ, కింది అంతస్తు | నీళ్లు రాని చోట బంధువులు | అదే భవనంలో పై అంతస్తు |
| నెలలు నిండిన గర్భిణి, డయాలసిస్ | ఆసుపత్రికి దగ్గర్లో బస | 108కి ముందే చెప్పి ఆసుపత్రిలో చేరడం |

పట్టికలో ఇమడని కుటుంబాలున్నాయి.

మత్స్యకార కుటుంబంలో ఇల్లు ఒక సంగతి, పడవ ఇంకో సంగతి. 1996 నవంబరు 6 కోనసీమ తుపానులో వేటకు వెళ్లి తిరిగిరాని వాళ్లు ఎందరో. వేటకు వెళ్లొద్దన్న మాట వచ్చిన రోజే పడవను మెరకకు లాగి, ఇంజను విప్పి, వలలు లోపల పెట్టి ఆ పని ముగించాలి. తుపాను రోజు ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు షెల్టర్‌లో ఉండి మగవాళ్లు మాత్రం పడవ దగ్గర కాపలా ఉండడం చాలా ఊళ్లలో చూస్తాం. ఆ కాపలా వద్దు. ఉప్పెన వస్తే మనిషి పక్కన నిలబడ్డాడని పడవ ఆగదు.

పాడి ఉన్న రైతుకు పశువులను వదిలి రావడం సొంత మనుషులను వదిలి రావడమంత బాధ. ముందురోజే వాటిని మెరక మీదికి తోలగలిగితే అదే మంచిది. తోలలేకపోతే పలుపు విప్పేయండి. కట్టుగొయ్యకు కట్టేసిన గేదె నీళ్లొస్తే ఉన్నచోటే మునిగిపోతుంది. విప్పేసిన గేదె ఈదుతుంది, మెరక వెతుక్కుంటుంది. చెవికి ట్యాగు ఉంటే తర్వాత వెతకడం తేలిక.

పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉండి, అమలాపురంలోనో రేపల్లెలోనో ఇద్దరు పెద్దవాళ్లే ఉన్న ఇళ్లు ఇప్పుడు ఎన్నో. దూరాన ఉన్నవాళ్లు తుపాను రాత్రి గంటగంటకూ ఫోన్ చేసి వాళ్ల చార్జింగు అయిపోగొట్టడం కన్నా, రెండు రోజుల ముందు మూడు పనులు చేస్తే మేలు. కారు మాట్లాడి పంపాలి. పక్కింటి వాళ్ల నంబరు తీసుకోవాలి. సచివాలయంలో ఫలానా ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లే ఉన్నారని చెప్పి ఉంచాలి. "మీ ఇష్టం నాన్నా, ఎలా వీలైతే అలా చేయండి" అంటే వాళ్లు కదలరు.

నెలలు నిండినవాళ్ల గురించి ఆశా కార్యకర్తకు చెబితే తుపానుకు ముందే ఆసుపత్రికి తరలించే ఏర్పాటు మన దగ్గర ఉంది. దాన్ని తప్పకుండా వాడుకోవాలి. డయాలసిస్ వాళ్లు తమ సెంటర్‌తో మాట్లాడి వీలైతే ఒక రోజు ముందుకు జరుపుకోవాలి. ఆక్సిజన్ మిషను ఉన్నవాళ్లు నిండు సిలిండరు లేకుండా ఇంట్లో ఉండొద్దు.

## ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు

తీరం దాటిందన్న వార్త రాగానే బయల్దేరొద్దు. తీరం దాటిన తుపాను బలహీనపడి వాయుగుండమైనా వాన ఆగదు, వాగులు మర్నాడు పొంగుతాయి. రోడ్డు మీద పారే నీళ్లు మోకాలి లోతే అనిపించినా బైకు దించొద్దు, కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైకి కనపడదు. వెలుతురు ఉండగానే ఇల్లు చేరేలా చూసుకోండి. తెగిన కరెంటు తీగ నీళ్లలో పడి ఉంటే దగ్గరికి పోకుండా లైన్‌మన్‌కో 112కో చెప్పండి. జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్ర స్థాయిలో 1070. ఇంట్లోకి నీళ్లొచ్చి ఉంటే మెయిన్ ఆపే ఉంచి, గోడలు, బోర్డులు ఆరాక ఎలక్ట్రీషియన్ చూసిన తర్వాతే వేయండి. అటకల్లో, మంచాల కింద, చెప్పుల స్టాండులో పాములు చేరి ఉంటాయి, కర్రతో కదిపి చూసి చెయ్యి పెట్టండి. బోరు నీళ్లు, బావి నీళ్లు క్లోరిన్ వేసేదాకా కాచి చల్లార్చి తాగండి.